చెప్పులు నీడకు జరిపే మనిషి

నా భార్య బుధవారం పొద్దున చనిపోయింది. మధ్యాహ్నం ఆమె ఫోన్ మోగింది. చూస్తే, కడప యూనివర్సిటీ చాపెల్ మిత్రుల సంఘం వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటో, కింద ‘ప్రభువునందు నిద్రించారు’ అని. ఆ వార్త ఆమె ఫోన్‌కే వచ్చింది. చదివాను. చార్జింగ్ తక్కువగా ఉందని ఫోన్ చార్జింగ్‌లో పెట్టాను.

ఆ సంఘంలో సభ్యులు పది పన్నెండు మంది. ఎవరికీ జీతం లేదు. ఆదివారానికి ఒకరు వంతు వేసుకుని చాపెల్ తెరుస్తారు, మెట్లు కడుగుతారు, జంపఖానాలు పరుస్తారు. వంతు ఎవరిదైనా ఆమె ప్రతివారం పోయేది. మెట్లు కడగడానికి ఒక జత పాత నీలం రబ్బరు చెప్పులు అక్కడే మెట్ల పక్కన ఉంచుకుంది.

ప్రసంగం సగంలో ఉండగా మెట్ల మీదికి ఎండ వచ్చేది. ఆమె లేచి బయటికి వచ్చి, హాస్టల్ పిల్లల చెప్పులన్నీ జత చెదరకుండా వేపచెట్టు కిందికి జరిపేది.

‘ఏమమ్మా, నా ప్రసంగం కంటే చెప్పులే ఎక్కువైనాయా?’ అని పాస్టరుగారు ఒకసారి ఎగతాళి చేశారు.

‘పిల్లోళ్ళ కాళ్ళు కాలితే మీరు చెప్పిందంతా మెట్లకాడనే మరిచిపోతారయ్యా’ అంది.

నేను లోపలికి పోయేవాణ్ణి కాదు. ఆమెను దింపి, చెట్టు కింద స్కూటర్ మీద కూర్చుని పేపరు చదివేవాణ్ణి. ఆమెకు మోకాళ్ళ నొప్పులు మొదలైన ఏడాది, ఒక ఆదివారం గోడ పట్టుకుని మెట్లు దిగింది.

‘ఈడనే కూచోనుండారు గదా. ఆ చెప్పులన్నా నీడకు జరపగూడదా?’

‘నేనేమన్నా మెంబర్నా?’

‘అయితే చేరండి. శానా మంచి ఉద్యోగం, జీతమే లేదు’ అని నవ్వింది.

నేను పేజీ తిప్పాను. ఆమె మోకాలి మీద చేయి పెట్టుకుని వంగింది.

ఆమె పోయిన పదిహేను రోజులకు సంఘం కార్యదర్శి ఇంటికొచ్చాడు. ఆయన రిటైరైన లైబ్రేరియన్.

‘ఈ ఆదివారం అక్క వంతు సార్. పేరు కొట్టేయడానికి చెయ్యి రాలేదు. వేరేవాళ్ళను తెరవమంటాం, తాళంచెవి ఇస్తారా?’

ఆమె సంచిలో నుంచి తాళంచెవి తీశాను. ఇవ్వలేదు.

‘నేను తెరుస్తాను.’

‘మీరు లోపలికే రారు గదా సార్?’

‘జంపఖానాలు పరచాలంటే లోపలికి పోవాల కదప్పా.’

ఆదివారం తెరిచాను. మెట్లు కడిగాను. జంపఖానాలు తిరగేసి పరిచినట్టున్నాను, ఒకమ్మాయి వచ్చి సరిచేసింది. ప్రసంగం మొదలయ్యాక మామూలుగానే వచ్చి స్కూటర్ మీద కూర్చున్నాను. మెట్ల మీదికి ఎండ వచ్చింది. లేచి చెప్పులు జరిపాను. నలభై జతలకు పైనే ఉంటాయి. ఆమె ఒక్క చేత్తో రెండు జతలు పట్టేది. నాకు రాలేదు.

పిల్లలు బయటికి వచ్చి, నేను కలగలిపేసిన జతలు వెతుక్కుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. తాళం వేసి వెనక్కి తిరిగాను.

వేపచెట్టు కింద ఒక జత మిగిలింది. నీలం రబ్బరువి, మడమల దగ్గర అరిగినవి. ఇందాక అన్నిటితో పాటు వాటినీ నీడకు జరిపాను.