సన్యాసి దించుకోలేని సంగిడి

సముద్రం అవతల, మనవాళ్లు కూలికి వలసపోయిన సుంగై సుమున్ కొబ్బరి తోటలో, కాయలొలిచే సన్యాసి పేరు చెబితే ఎవరికైనా ముందు సంగిడే గుర్తుకొచ్చేది. సంగిడంటే పిడి తొలిచిన పెద్ద గుండ్రాయి. నూకాలమ్మ పండగనాడు దాన్ని భుజానికెత్తుకుని, గుడి చుట్టూ తిరిగి, ఇంకో చెయ్యి తగలకుండా తనే దించినవాడు ఆ ఏటికి మొనగాడు. విజయనగరం వైపు బళ్లకి బస్తాలెత్తే కూలీలు, పని లేని రోజున సరదాకి మొదలెట్టిన ఆటట. ఏడాదంతా మోసి మోసి, పండగపూట కూడా బరువే ఎత్తుకున్నారు చూడండి, ఏమనాలి వాళ్లని!

మొనగాడికి తలపాగా చుట్టి ఊరేగించేవారు. బాగానే ఉంది. కానీ తలపాగాతోపాటు ఇంకోటి అంటుకునేది. మళ్లీ పండగకి మరొకడు సంగిడి ఎత్తేదాకా, కూలీ లైన్లలో, అంటే ఆ వరస ఇళ్లలో, ఎవరి బరువైనా అతనే మోయాలి. పాడెకి ముందు భుజం అతనిదే, బురదలో దిగబడ్డ బండికీ అతనే. ఒక్క ఏడాదే కదా అని ఎవరికి వారు సంబరంగానే మోసేవారు.

సన్యాసి ఎత్తిన కొద్ది నెలలకే తెల్లదొరల మీద తిరగబడ్డవాళ్ల తుపాకులు అడవుల్లో పేలాయి. దొరల సర్కారు ఎమర్జెన్సీ అంది. లైన్ల చుట్టూ ముళ్లకంచె, పొద్దుగూకితే కర్ఫ్యూ, బియ్యానికి కొలత. నలుగురు గుమిగూడితే తప్పు. పండగ ఆగిపోయింది. మొనగాడి చాకిరీ మాత్రం ఆగలేదు. కంచె బయట మిగిలిన ఇళ్లు లోపలికి మార్చమన్నప్పుడు అందరి సామాన్లూ అతని నెత్తికే ఎక్కాయి. ఎర్రమ్మ మొగుడు జ్వరంతో పోతే కర్ఫ్యూ వేళకి ముందే పూడ్చాలని పాడె పట్టుకుని పరిగెత్తిందీ అతనే. పగలంతా కొబ్బరికాయలు ఒలిచి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపే గుమ్మంలో ఎవరో ఒకరు. కాదనడం చేతకాదు. అలా తొమ్మిదేళ్లు. మనిషి అలిసిపోయాడు, నిజంగా అలిసిపోయాడు.

అప్పుడు మెర్డేకా, అంటే ఆ దేశానికి స్వతంత్రం, దగ్గరపడింది. స్వతంత్రం వచ్చే రోజున ఆటలు ఆడుకోవచ్చన్నారు. లైన్ల పెద్ద వెంకటసామి సంగిడిని అమ్మవారి ముందే ఎత్తించాలన్నాడు. అంటే పండగ కిందే లెక్క. సన్యాసికి ప్రాణం లేచొచ్చింది.

"ఈపాలి ఎవుడో ఒకడు ఎత్తాల. నాను కాసింత కూకోవాల," అన్నాడు భార్య దేవుడమ్మతో.

"కూకుంటే ఎవుడెత్తుతాడు? నువ్వే నేర్పు," అందామె.

లారీలకి కాయలెత్తే అప్పలసామిని పట్టుకున్నాడు. ఎద్దులాంటి మనిషి. పట్టెక్కడ పట్టాలో, ఊపిరెప్పుడు బిగబట్టాలో, తనకొచ్చిందంతా నూరిపోశాడు. తన పదవి పోగొట్టుకోవడానికి ఇంత కష్టపడ్డవాడు మరొకడు ఉండడు.

ఆ రోజు డప్పులు మోగాయి. అప్పలసామి సంగిడిని భుజానికెత్తాడు. జనం ఈలలు. పక్కనే నడుస్తున్న సన్యాసికి తన వీపే తేలికైనట్టనిపించింది. గుడి చుట్టూ తిరగడం అయింది. ఇక దించడమే. వంగుతుంటే రాత్రి వానకి నానిన మట్టిలో అప్పలసామి కాలు జారింది. రాయి అతని పాదం మీదికి ఒరిగింది.

సన్యాసి రెండు చేతులూ రాయి కింద ఉన్నాయి. సంగిడి మెత్తగా నేలకి దిగింది.

డప్పులు ఆగిపోయాయి. "సెయ్యి తగిలినాది. సెల్లదు," అన్నాడు వెంకటసామి.

"నువ్వు నేకపోతే నా కాలు పోయీది, మావా!" అంటూ అప్పలసామి సన్యాసి కాళ్ల మీద పడ్డాడు. జనం మెచ్చుకుని, తలపాగా తెచ్చి మళ్లీ సన్యాసికే చుట్టారు.

దేవుడమ్మ అతన్ని గుడి వెనక్కి లాక్కెళ్లింది. "ఎందుకెట్టినావయ్యా సెయ్యి?"

"నానెట్టనేదే. అదే ఎల్లిపోనాది," అని సన్యాసి వెక్కివెక్కి ఏడ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అతని ఏడుపు చూడడం అదే మొదలు.

ఇంతలో ఎర్రమ్మ వెతుక్కుంటూ వచ్చింది. "సన్యాసీ, పులిహోర గంగాళం పొయ్యి మీంచి దించాల. ఓపాలి రా బాబూ."

సన్యాసి ముఖం తుడుచుకుని లేచాడు.