మెడికల్ బోర్డు బయట హవల్దార్ ఉమాపతి

ఉప్పల్ రింగు రోడ్డు పక్కన జిరాక్స్ షాపు రేకుల కింద ఒక టేబులు, టేబులు మీద టైపు మిషను, దాని వెనక రిటైర్డ్ హవల్దార్ ఉమాపతి. 2001 నుంచి అక్కడే. ఘట్‌కేసర్, భువనగిరి వైపు నుంచి పాత సిపాయిలు ప్లాస్టిక్ సంచుల్లో కాగితాలు పట్టుకుని వచ్చేవారు. ఆగిపోయిన వైకల్య పెన్షన్లు, అసలు మొదలే కాని పెన్షన్లు. ఒక్కో కేసుకు ఉమాపతి ఫీజు వాళ్ల మిలిటరీ క్యాంటీన్ కోటాలోంచి ఒక రమ్ము సీసా. అతను తాగడు. టేబులుకు అద్దె కింద అవి షాపు యజమాని గిరిప్రసాద్‌కు పోయేవి.

సైన్యంలో అతను మెడికల్ బోర్డు క్లర్కు. ఈ వైకల్యం సైనిక సేవ వల్ల వచ్చినది కాదు, దానివల్ల ముదిరినదీ కాదు అనే వాక్యాన్ని పదకొండేళ్లు టైపు చేశాడు. ఎంతమందికి చేశాడో లెక్క పెట్టుకోలేదు. ఏ గడిలో ఏం రాస్తే మనిషి ఓడిపోతాడో అతనికి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాడని కొందరు అనేవారు. ఇంట్లో ఊరికే కూర్చుంటే భార్య కూరగాయలకు పంపుతుందని అతను అనేవాడు.

2006 వేసవిలో మొగిలయ్య వచ్చాడు. సైన్యంలో నాయక్ హోదాలో రిటైరైన మనిషి. మంచు కొండల్లో మూట మోస్తూ లోయలోకి జారితే ఎడమ మోకాలు, నడుము పోయాయి. బోర్డు ముప్పై శాతం వైకల్యం అని రాసింది. ఆ మేరకు పెన్షన్ మీద అదనంగా కొంత వస్తోంది. ఇప్పుడు మళ్లీ పరీక్షకు రమ్మని ఉత్తరం వచ్చింది. ముప్పై నిలిస్తే ఇక జీవితాంతం అడగరు. ఇరవై కన్నా తగ్గితే ఏమీ ఉండదు.

మొగిలయ్య నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. పన్నెండు గంటలు నిలబడాలి. స్టూలు వేస్తే గార్డు నిద్రపోతాడని ఏజెన్సీ నమ్మకం. పెన్షన్ ఖాయమైతే ఆ నెలే గేటు మానేస్తానని భార్య కౌసల్యమ్మకు మాట ఇచ్చాడు.

ఉమాపతి పద్ధతి ఒకటుంది. బోర్డుకు ముందు ఆదివారం సిపాయి ఇంటికి వెళ్లి, తనే డాక్టరై కూర్చుని ప్రశ్నలు వేసేవాడు. పల్టన్‌లో పొద్దున్నే నొప్పి అని డాక్టరు దగ్గరికి పేరు రాయించుకున్నవాణ్ణి తోటివాళ్లు వారం రోజులు పెళ్లికూతురని పిలుస్తారు. అలా పదిహేనేళ్లు బతికినవాడికి నోట్లోంచి నొప్పి అనే మాట రాదు. దాన్ని బయటికి లాగడమే ఆదివారం పని.

"మోకాలు ఎలా ఉంది?" అన్నాడు ఉమాపతి.

"ఠీక్ హై సాబ్."

"నీ మొహం. మళ్లీ చెప్పు."

"ఠీక్ హై..."

గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతున్న కౌసల్యమ్మ తల ఎత్తలేదు. "పొద్దుగాల లేసి నిలవడాల్నంటె నా భుజం గావాలె ఈయనకు. గాడ ఠీక్ హై అట. నన్ను తీస్కపో అన్నా, నేను జెప్త."

భార్యల్ని లోపలికి రానివ్వరని ఉమాపతి చెప్పాడు. ఏడోసారికి మొగిలయ్య గోడ వంక చూస్తూ, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా, మెట్లు ఎక్కలేనని, దొడ్డికి కూర్చుంటే లేవలేనని చెప్పాడు. రెండు రోజులు గడ్డం గీయొద్దు, బూట్లు వద్దు, చేతికర్ర వదలొద్దు అని మూడు మాటలు చెప్పి ఉమాపతి బస్సెక్కాడు.

బోర్డు రోజు బస్టాపులో మొగిలయ్య నున్నగా గడ్డం గీసుకుని, బూట్లకు పాలిష్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. సాబ్ ముందుకు మాసిన గడ్డంతో ఎట్లా పోతారని అతనే ఎదురు అడిగాడు. సరే, కర్రయినా ఉందని ఉమాపతి సర్దుకున్నాడు.

గది తలుపు దగ్గర పేరు పిలిచారు. మొగిలయ్య కర్రను ఉమాపతి చేతిలో పెట్టాడు. అది పట్టుకునేది కుడిచేత్తో. సెల్యూట్ కొట్టేదీ కుడిచేత్తోనే.

లోపల పది నిమిషాలు. నిటారుగా నిలబడ్డాడు. వంగమంటే వంగాడు, కూర్చుని లెమ్మంటే లేచాడు. ఎలా ఉందంటే ఠీక్ హై అన్నాడు. బయటికొచ్చి తలుపు మూసుకోగానే మోకాలు మడతపడి వరండాలో కూలిపోయాడు. వెనకే బోర్డులోని మేజర్ హోదా డాక్టరు ఇంకో గదికి పోతూ వచ్చాడు. కింద కూర్చున్న మనిషిని చూశాడు, కర్రతో నిలబడ్డ ఉమాపతిని చూశాడు. ఆగి, ఏమైనా ఇబ్బందా అని హిందీలో అడిగాడు. మర్యాదగానే అడిగాడు. జవాబు కోసం ఆగాడు కూడా.

ఉమాపతి మడమలు కలిశాయి. కర్ర తొడకు ఆనుకుని నిలువుగా నిలిచింది.

"నో సర్. సబ్ ఠీక్ హై సర్."

డాక్టరు వెళ్లిపోయాడు.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. పదిహేను శాతం. కౌసల్యమ్మ ఒక్కతే ఉప్పల్ వచ్చి ఉత్తరం టైపు మిషను మీద పెట్టింది.

"ఆయన బయట కిందవడ్డడంట గద. నువ్వు గాడనే ఉన్నవ్. డాక్టరు గిట్ట సూసిండా అన్నా?"

"లేదమ్మా. అప్పటికి ఎవరూ లేరు."

అప్పీలు టైపు చేసింది ఉమాపతే. చక్కటి ఇంగ్లిషు, తప్పుల్లేని పేరాలు. పరీక్ష ముగియగానే దరఖాస్తుదారు కుప్పకూలాడని రాశాడు. చూసినవారెవరూ లేరని కూడా రాశాడు. ఆ కాపీ అతని ఫైల్లో ఉంది. కూలిపోయాడనడానికి ఆధారం లేదని ఏడాది తర్వాత జవాబొచ్చింది.

ఆ జవాబు పట్టుకుని అతను నాచారం వెళ్లాడు. మొగిలయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కర్ర గార్డు గది వెనక దాచి ఉంది, ఏజెన్సీ వాళ్లు చూస్తే పనిలోంచి తీసేస్తారు. ఆ రోజు డాక్టరుతో నేను చెప్పి ఉండాల్సింది అని ఉమాపతి అన్నాడు. డాక్టరు చూశాడని మీ ఆవిడకు చెప్పావా అనీ అడిగాడు.

"ఆమెకు చెప్పలె, చెప్ప. మేజర్ సాబ్ అడిగితె ఇంకేం జెప్తవ్ సాబ్? నీ జాగల నేనున్నా గదే అందును."

అతను కోపంగా అనలేదు. ఓదార్పుగానూ అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు.

మేనేజరు కారు వచ్చింది. మొగిలయ్య గేటు ఎత్తి సెల్యూట్ కొట్టి, కారు మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత గోడ పట్టుకుని గార్డు గదిలోకి వెళ్లి, పేపర్లో చుట్టిన సీసా తెచ్చాడు. కేసు గెలిస్తే ఇవ్వాలని కౌసల్యమ్మ ఆపిందట. పని పనే కదా, ఇవ్వకుంటే బాగుండదని తీసి పెట్టాడట.

ఉమాపతి సీసాను సంచిలో వేసుకుని ఉప్పల్ బస్సెక్కాడు. ఆ నెల గిరిప్రసాద్‌కు అద్దె బాకీ ఉంది.