బోణీ బుట్ట, రాతిచెట్టు

పోయినవారం మా బడిలో సామాన్ల గది దులుపుతుంటే విరిగిన బల్లల వెనక నుంచి పాత సోలార్ కుక్కర్ బయటపడింది. లోపలి నల్లరంగు పెచ్చులూడిపోయింది, గాజుమూత ఒక మూల పగిలింది, పైన బిగించిన అద్దంలో నా మొహం నాకే గుర్తుపట్టరానంత మసకగా ఉంది. కొత్తగా చేరిన సైన్సు టీచరమ్మ దాన్ని పాత ఇనుముకు వేసేద్దామంది. వద్దన్నాను. ఎందుకని అడిగితే, అందులో మా అత్తగారు ఉందని చెప్పాలనిపించింది. ఆ పిల్ల బెదిరిపోతుందని ఊరుకున్నాను.

పుదుచ్చేరి బజారులో మాది కింద అంగడి, పైన ఇల్లు. పసుపు, మిరియాలు, వక్క, ఎండుమిరప, ఇవే తరాలుగా మా వ్యాపారం. ఇంటి మెట్లు దిగితే నేరుగా అంగడిలోకే దిగాలి, వీధిలోకి వేరే దారి లేదు. ఆ ఇల్లు కట్టిన మహానుభావుడెవరో గానీ, ఆడవాళ్ళకు బయట పని పడుతుందని కలలో కూడా అనుకున్నట్టు లేదు. దానికి తోడు ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పొద్దున అంగడి తెరిచాక బోణీ అయ్యేదాకా ఇంటి ఆడవాళ్ళు గడప దాటకూడదు. దాటితే ఆ రోజు బేరం మట్టిగొట్టుకుపోతుందట. ముదలియార్‌పేటలోని బడిలో నేను సైన్సు చెప్పడానికి మామగారు ఒప్పుకున్నది ఈ షరతు మీదే. మా ఆయన మంచివాడే గానీ తండ్రి ముందు ఆయనకు నోరు పెగిలేది కాదు. రోజూ చేతిసంచీ పట్టుకుని ఆఖరి మెట్టు మీద నిలబడి, ఎవడో ఒక పుణ్యాత్ముడు వచ్చి గుప్పెడు మిరియాలు కొంటాడా అని వీధిలోకి చూస్తుండేదాన్ని. అత్తగారికి ఆ మెట్టుదాకా వచ్చే పని కూడా ఉండేది కాదు. పెళ్ళికో చావుకో తప్ప ఆమె మెట్లు దిగగా నేను చూడలేదు.

పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి, చేతులతో తాకించి సైన్సు నేర్పుదామన్న ఆలోచన నాదే. మా ఊరికి కొంచెం దూరంలో తిరువక్కరైలో రాళ్ళయిపోయిన చెట్లున్నాయి, మనిషి పుట్టకముందటివి. అక్కడే ఎండతో అన్నం వండి చూపిస్తే శక్తి పాఠం కూడా అయిపోతుందని హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పాను. సరేనంది, ఇలాంటి ప్రయాణాలు అప్పుడప్పుడూ పెట్టుకోమంది. నేను ఏ ఒక్కసారి రాలేకపోయినా ఆ పని ఇంకొకరికి అప్పగిస్తానని కూడా అంది. నాకది ఎంత కావాలో చెప్పలేను. పెళ్ళయ్యాక మొదటిసారి ఒక పని పూర్తిగా నాది అనిపించింది. ఇంట్లో అడిగితే మామగారు తల ఎత్తకుండానే "మీ అత్త తోడొస్తే పో" అన్నారు. ఆమె రాదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. తీరా ఆ ఆదివారం, అంగడికి సెలవు రోజున, ఆమె నాకంటే ముందే తయారై, తలలో పూలు పెట్టుకుని మెట్ల దగ్గర కూర్చుని ఉంది.

అక్కడికి చేరగానే కుక్కర్లో బియ్యం, పెసరపప్పు, నీళ్ళు పోసి ఎండలో పెట్టి, దానికి కాపలాగా అత్తగారిని పక్కనే నీడన కూర్చోబెట్టాను. పిల్లలు రాతిమానుల మీద వలయాలు లెక్కపెట్టారు, బెరడు గరుకు తడిమి చూశారు, ఒకడు నాలుకతో రుచి కూడా చూశాడు. అందరం ఆకలితో తిరిగొచ్చి చూస్తే కుక్కర్ మీద అత్తగారి తువ్వాలు మడతలు వేసి కప్పి ఉంది, గాలికి ఎగిరిపోకుండా అంచుల మీద రాళ్ళు కూడా ఉన్నాయి. మూత తీస్తే లోపల బియ్యం బియ్యంలాగే ఉన్నాయి.

"ఏంది అత్తా ఇది?"

"ఇంతమంది కండ్ల ముందర అన్నం ఉడుకుతాదా? పిలకాయలు వచ్చేది, తొంగి చూసేది, పోయేది. దిష్టి తగలతాదని కప్పినా."

"దానికి ఎండ తగలాల గదా."

"నిప్పు లోపల యాడనో ఉండాదనుకొంటి," అంది, చిన్నబోయిన మొహంతో.

ఇంట్లో కూడా పరాయి కళ్ళు పడకుండా వంటింటి తలుపు ఓరగా వేసుకుని వండే మనిషి ఆమె. తప్పు నాదే, చెప్పకుండా కాపలా పెట్టాను. ఊళ్ళో దొరికిన బన్నులూ అరటిపండ్లూ పిల్లలకు పంచాం. వాళ్ళు నవ్వుకుంటూ తిన్నారు. ఆమె తన బన్ను పక్కన పెట్టి ఒక రాతిమాను దగ్గరికి వెళ్ళింది.

"ఇది నిజంగా చెట్టేనా? రాయి యెట్లయింది?"

"పడిపోయినాక పైన మట్టి కప్పుకొనింది అత్తా. గాలి తగల్లేదు. నీళ్ళల్లో కరిగిన రాయి కొంచెం కొంచెంగా లోపలికి దూరింది. ఆకారం అట్లనే ఉండాది, లోపల చెక్క మాత్రం లేదు."

ఆమె చాలాసేపు దాని మీద చెయ్యి తీయలేదు. "మూసిపెడితే అంతే మరి," అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వ్యాను వైపు నడిచింది.

ఇంటికొచ్చాక మామగారు ఏం తిన్నారని అడిగితే ఆమె దాచలేదు. "నేనే చెడగొట్టినా. పిలకాయలకు అన్నం లేకపాయె," అంది. ఆయనకు కావలసింది దొరికింది. ఆమెను ఇంక పోవద్దన్నారు. నన్ను మాత్రం వద్దనలేదు. "బోణీ అయినాక ఎప్పుడన్నా పో," అన్నారు. తర్వాతి ప్రయాణం శనివారం. వ్యాను ఏడింటికే కదులుతుంది. మా అంగడికి మొదటి బేరం వచ్చేసరికి ఎండ చుర్రుమంటుంది. అది ఆయనకు తెలియకనా.

ఆ శనివారం వ్యాను సందు మొదట్లో ఆగి హారన్ కొడుతోంది. నేను ఆఖరి మెట్టు మీద ఉన్నాను. మామగారు అగరుబత్తి తిప్పి, కూర్చుని వీధిని చూస్తున్నారు, నన్ను చూడటం లేదు. ఇంకోసారి హారన్. నాకు ఏడుపొచ్చింది, కోపంతో వచ్చే ఏడుపు. ఇక వ్యాను వెళ్ళిపోతుందనగా, సరిగ్గా ఆయన ముక్కుకు ఎదురుగా, తాడు కట్టిన వెదురుబుట్ట ఒకటి పైనుంచి ఊగుతూ దిగింది. కూరగాయల బండి వచ్చినప్పుడు అత్తగారు పై వరండాలోంచి దించే బుట్ట అది. అడుగున అయిదు రూపాయల బిళ్ళ ఉంది.

"ఏంది ఇది?" అన్నారు ఆయన పైకి చూసి.

"బేరం," అంది ఆమె పైనుంచి. "పసుపు కొమ్ములు ఇయ్యండి."

బోణీ బేరాన్ని తిప్పి పంపకూడదు. బేరం వీధి వైపు నుంచే వచ్చింది, గడప ఎవరూ దాటలేదు. పైగా ఎదురంగడి ఆయన చూస్తున్నాడు. మామగారు పసుపు తూచి, పొట్లం కట్టి బుట్టలో పెట్టి, బిళ్ళను కళ్ళకద్దుకుని గల్లాలో వేశారు. నా వైపు తిరగకుండానే "పో" అన్నారు. పరిగెత్తాను. సందు మొదట్లో వెనక్కి తిరిగి చూస్తే పిట్టగోడ మీద తాడు లాగుతున్న రెండు చేతులు కనిపించాయి.

ఆ తర్వాత నేను పిల్లలతో వెళ్ళిన ప్రతి పొద్దునా ఆ బుట్ట దిగింది. వంటింట్లో డబ్బాలన్నీ పసుపు కొమ్ములతో నిండిపోయాయి. మామగారి మాట పక్కనపెట్టి నాతో రమ్మని ఎన్నిసార్లు బతిమాలినా, "నేనొస్తే బుట్ట యెవరు దించుతారు?" అనేది. ఆమె మళ్ళీ ఆ రాతిచెట్టును చూడలేదు.

ఇప్పుడు అత్తామామలిద్దరూ లేరు. అంగడి సెల్‌ఫోన్ల వాళ్ళకు అద్దెకిచ్చి, ఇంటికి వీధిలోంచి వేరే మెట్లు కట్టించాం. చెట్టు రాయి కావడానికి ఎంతకాలం పడుతుందని పిల్లలు అడిగితే తడుముకోకుండా చెబుతాను. మా అత్తగారు ఆ బుట్టను ఆ పొద్దున దించడానికి ఎన్నేళ్ళు పట్టిందో మాత్రం నాకు తెలిసే దారి లేదు.