పంటిగారి పథ్యం

ధాన్యం గిడ్డంగిలో ఆయనను అందరూ పంటిగారు అనేవారు. వచ్చిన ప్రతి బస్తాలోకీ ఇనుప గొట్టం గుచ్చి, చిటికెడు గింజలు తీసి, వెనక దంతాల కింద కొరికి, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేవారు: "తడుంది. ఆరబెట్టి పట్రా." ముప్పై ఏళ్ళుగా ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

అటువంటి నోటికి మూత్రపిండాల డాక్టరు పథ్యం విధించారు. రక్తంలో భాస్వరం పెరిగిందనీ, పొట్టుతో ఉన్న గోధుమ, జొన్న, మొక్కజొన్న ప్రస్తుతం ఆయన ఒంటికి పడవనీ, తెల్లబియ్యమే కొలిచి తినాలనీ రాసిచ్చారు. లోకమంతా పొట్టు తినమని ఘోషిస్తున్న కాలంలో తనకొక్కడికే తెల్లబియ్యం మంజూరు కావడాన్ని ఆయన ఒక బిరుదుగానే స్వీకరించారు. భార్య ఒక కప్పుకు గీత పెట్టి, ఆ గీతను దేశ సరిహద్దులా కాపాడింది.

రెండు నెలలకు భాస్వరం ఇంకాస్త ఎక్కింది.

"ఇలాగే పోతే వారానికి మూడుసార్లు రక్తం కడిగే మిషను మీద పడుకోవాలి," అన్నారు డాక్టరు.

బయటికి రాగానే భార్య నిలదీసింది.

"నిజం చెప్పండి. ఎక్కడ తింటున్నారు?"

"నీ మీదొట్టు, గీత దాటలేదు."

"నా మీదెందుకూ? మీ కిడ్నీల మీద వెయ్యండి ఒట్టు!"

వ్యవహారం ఆసుపత్రిలో పథ్యం చెప్పే అమ్మాయి ముందుకు వెళ్ళింది. ఆమె రాసుకుంటూ తలెత్తి చూసింది. పంటిగారి దవడ ఆడుతోంది.

"నోట్లో ఏంటి బాబాయిగారూ?"

"ఏం లేదమ్మా. దార్లో ఒక లోడు చూసొచ్చాను."

"మింగుతారా?"

"మరి? తీర్పు తేలేది గొంతులోనే కదా!"

"అయితే తిన్నట్టే కదండీ?"

"తిండెలా అవుతుందమ్మా? అది ఉద్యోగం!"

భార్య తల పట్టుకుంది. ఆ అమ్మాయి చిన్న త్రాసు తెచ్చి, ఆయన జేబులో మిగిలిన గోధుమలు చిటికెడు పెట్టమంది. రెండు గ్రాములు. రోజుకు వంద బస్తాలు.

"రెండొందల గ్రాములు, పొట్టుతో సహా! ఇంట్లో పథ్యం, గిడ్డంగిలో విందు. కొరికి ఉమ్మెయ్యండి."

"ఉమ్మితే సగం తీర్పే వస్తుందమ్మా. సగం తీర్పు చెప్పేవాడికి అక్కడ కుర్చీ ఉండదు."

అయినా మర్నాడు మొదటి బస్తా దగ్గర ఆయన కొరికి, కాగితంలోకి ఉమ్మారు. బస్తాలు మోసేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు.

"తేమ పదమూడు శాతం," అన్నారు ఆయన.

మేనేజరుకు అనుమానం వచ్చి, పక్క గదిలోంచి తేమ కొలిచే మిషను తెప్పించాడు. పదమూడు పాయింటు ఒకటి. పది బస్తాలు చూశారు. పదింటికీ అదే వరస. మేనేజరు మిషను వెనక్కి పంపేశాడు. కుర్చీ నిలిచింది.

సాయంత్రం కంచం ముందు మాత్రం ఆయన దిగాలుగా కూర్చున్నారు.

"మళ్ళీ ఏమొచ్చింది?" అంది భార్య.

"తీర్పంతా పంట్లోనే ఉందిటే. గొంతుతో పనే లేదు."

"అయితే ముప్పై ఏళ్ళూ ఉత్తపుణ్యానికి మింగారా?"

పంటిగారు కప్పు మీది గీత వంక చూశారు.

"ఉత్తపుణ్యానికేం కాదు," అని చివరికి ఒప్పుకున్నారు. "బాగుండేవి."