రెడ్డెమ్మ లాప్‌టాప్‌లో పై వరస

కూతురి చదువు కోసం అన్నీ ఇచ్చేసే తల్లిని చూడాలనుకుంటే పుంగనూరు బస్టాండు దగ్గరున్న రెడ్డెమ్మ డీటీపీ షాపుకు వెళ్లి లాభం లేదు. కూతురు దీపిక లాప్‌టాప్ అడిగితే రెడ్డెమ్మ మూడు వారాలు ఇవ్వనని పోట్లాడింది. అది ఆమె పనిముట్టు. దర్జీ తన కత్తెర ఇంకొకరి చేతికి ఇస్తాడా?

ఇరవై రెండేళ్లుగా ఆమె పెళ్లిపత్రికలు టైపు చేస్తోంది. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఏ ఇంటి పత్రికలో ఎవరి పేరు ముందు రావాలో, ఏ మేనమామను వదిలేస్తే గొడవో ఆమెకు కంఠతా వచ్చు. పత్రికలో పై వరస అంటే ఇక్కడ ఆషామాషీ కాదు. అన్న పేరు తమ్ముడి పేరు కింద పడిందంటే ముహూర్తం నాటికి ఆ ఇంట్లో మాటలుండవు.

ఆమె వాడేది పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రాం. దాని సీడీ ఎప్పుడో విరిగిపోయింది, అమ్మినాయన షాపు మూసుకుని వెళ్లిపోయాడు. ఆ ప్రోగ్రామూ, దాని అక్షరాలూ ఈ ఒక్క లాప్‌టాప్‌లోని పాత విండోస్‌లో బతికున్నాయి. అది పోతే షాపు పోయినట్టే. దీపికకేమో మదనపల్లె కాలేజీలో ల్యాబు పనికి విండోస్ లాంటిదే ఇంకొకటి, లినక్స్ అనేది కావాలి. ఇంకో లాప్‌టాప్ కొనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"రెండూ ఒకే దాంట్లో ఉంటాయి మా. నీది నీకే, నాది నాకే," అంది దీపిక.

"ఒకే ఇంట్లో ఇద్దరు కోడండ్ల మాదిరా?"

"ఇద్దరూ ఒకేసారి లేవరు. ఒకరు లేసినప్పుడు ఇంగొకరు పండుకోనుంటారు."

"అట్లయితే మంచి కోడండ్లే. నా పత్రికలకు ఏమన్నా అయితే మటుకు నిన్ను కాలేజీ మాన్పించి కార్డులకు పసుపు పూసే పనికి పెడతా, సూస్కో."

ఆదివారం దీపిక కూర్చుంది. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. పాత ప్రోగ్రామును మాత్రం అలా ఎక్కించడానికి వీల్లేదు, దేవుడిమీద భారం వేయాల్సిందే అంది. దేవుడికి విండోస్ వచ్చునా అని రెడ్డెమ్మ అడిగింది. దీపిక విండోస్‌ను కాస్త కుదించి, డిస్కులో ఖాళీ చేసి, ఇంకో పెన్‌డ్రైవ్‌తో లినక్స్ మొదలుపెట్టింది. 'విండోస్ పక్కనే పెట్టు' అని ఒక దారి, 'అంతా చెరిపేసి పెట్టు' అని ఇంకో దారి తెరమీదికి వచ్చాయి.

"ఆ రెండోది ముట్టుకోవద్దు పాపా," అని వెనక నిలబడి రెడ్డెమ్మ నాలుగుసార్లు చెప్పింది.

అంతా అయ్యాక దీపిక చూపించింది. ఆన్ చేస్తే నల్ల తెరమీద వరసలు వస్తాయి. పై వరస లినక్స్, కింది వరస విండోస్. పది సెకన్లలోపు ఏదీ నొక్కకపోతే పైది దానంతట అదే తెరుచుకుంటుంది. రెడ్డెమ్మ తలూపింది. తలూపడం వేరు, వినడం వేరు.

ఆ లాప్‌టాప్ లేవడానికి చాలాసేపు పడుతుంది. అందుకే ఏళ్లుగా రెడ్డెమ్మకు ఒక అలవాటు. బటన్ నొక్కేసి, షాపు ముందు చిమ్మి, నీళ్లు చల్లి, ముగ్గు వేస్తుంది. ముగ్గు అయ్యేసరికి విండోస్ సిద్ధంగా ఉంటుంది. సోమవారం కూడా అదే చేసింది. దీపిక అప్పటికే మదనపల్లె బస్సెక్కేసింది.

ముగ్గుపిండి చేత్తోనే లోపలికొచ్చి చూస్తే, తెర ఆమెది కాదు.

కుప్పం నుంచి మొదటి బస్సుకు వచ్చిన గోవిందస్వామి అప్పుడే షాపులోకి అడుగుపెట్టాడు. ఆయన కూతురి పెళ్లిపత్రిక మధ్యాహ్నానికల్లా ప్రెస్సుకు పోవాలి. రెడ్డెమ్మ అటూ ఇటూ వెతికి, ఆ పత్రిక ఫైలు పట్టుకుని తెరిచింది. పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట కామాలు, చుక్కలు, తలకిందుల ప్రశ్న గుర్తులు.

"ఏందమ్మా ఇది? మా పాప పేరు యాడ పోయింది?" అన్నాడు గోవిందస్వామి.

"నా కూతురు నా కొంప ముంచిందప్పా," అంది రెడ్డెమ్మ. ఇరవై రెండేళ్ల పత్రికలూ అలాగే అయిపోయాయనుకుంది. ఏడవలేదు, ఫోన్ చేసింది.

దీపిక బస్సులో నిలబడి అరిచింది. "పోలేదు మా! ఆ అక్షరాలు నీ విండోస్‌లోనే ఉండాయి, నా లినక్స్‌కు అవి తెలీవు. ఆపి మళ్లా ఆన్ చెయ్. నల్ల తెర వస్తానే కింది బాణం నొక్కి, విండోస్ మీద ఎంటర్ కొట్టు."

రెడ్డెమ్మ ఆపి, ఆన్ చేసి, వచ్చినాయనకు టీ చెప్పడానికి బయటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మళ్లీ అదే తెర.

"నల్లగా ఏందో వచ్చి పోయిందమ్మా. నాకెందుకులే అని ముట్టుకోలా," అన్నాడు గోవిందస్వామి.

మూడోసారి ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. "వచ్చిండాది! నొక్కమ్మా, నొక్కు!" రెడ్డెమ్మ నొక్కింది. విండోస్ తాపీగా లేచింది. పాత ప్రోగ్రాం తెరుచుకుంది. పత్రిక తెరుచుకుంది. పెళ్లికూతురి పేరుతో సహా అన్నీ తెలుగే. రెడ్డెమ్మ స్టూలు మీద కూలబడి, గోవిందస్వామికని తెచ్చిన టీ తనే తాగేసింది.

గోవిందస్వామి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "అమ్మా, మా అన్న పేరు నా కింద పడిండాదే!"

"నువ్వు రాసిచ్చిన కాగితంలో అట్లే ఉండాది."

"నేను రాస్తే నువ్వు సూడొద్దా? మా అన్న సంగతి నీకు తెలీదా?"

తెలుసు. రెడ్డెమ్మ అన్నను పైకెక్కించి ప్రింటు తీసింది.

సాయంత్రం దీపిక గడపలోనే నిలబడింది. "నా లినక్స్ తీసేసేదా మా?" అని చిన్నగా అడిగింది. తీసేస్తే ల్యాబు పని గడవదని ఆ పిల్లకు తెలుసు.

"తీసేయమని నేనంటినా? ముందు ఇది చెప్పు. నీది యాల పైనుండాది?"

"అది అట్లే వస్తుంది మా."

"అట్లెట్ల వస్తుంది? ఈ లాప్‌టాప్‌లోకి ముందొచ్చింది ఎవురు? పెద్దది కింద, నిన్న వచ్చింది పైనా? పెండ్లిపత్రికలో అయితే తన్నుకుంటారు."

దీపిక లాప్‌టాప్ ముందు కూర్చుంది. అరగంట సెట్టింగులు తవ్వి విండోస్‌ను పై వరసకు ఎక్కించింది. ఇప్పుడు రెడ్డెమ్మ బటన్ నొక్కి ముగ్గుకు పోవచ్చు. పది సెకన్లు గడిచినా లేచేది ఆమెదే.

ఆ సాయంత్రమే దీపిక ల్యాబు పనికని లాప్‌టాప్ ఆన్ చేసి, ఫోన్లో ఏదో చూసుకుంటూ ఉండిపోయింది. తలెత్తేసరికి విండోస్ తెరుచుకుంటోంది.

"ఈడ్నే నిలబడి సూడాలమ్మా," అంది రెడ్డెమ్మ, ప్రెస్సు నుంచి వచ్చిన గోవిందస్వామి పత్రికలకు పసుపు పూస్తూ.