ఎనిమిదో సిలువ ఉండాల్సిన చోటు

మూడు కర్ర సిలువలు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు అంతే. సర్వీ కర్రలతో కట్టినవి, ఒంటి చేత్తో ఎత్తగలిగినవి. ఒక మధ్యాహ్నం వాటిని ఉండాల్సిన చోటు వదిలేసి నలభై అంగలు ఇవతల నాటాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. నా పేరు అడగకండి. మా చర్చిలో నన్ను ఇప్పటికీ పెద్దమనిషి అంటారు. అది విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, నా మీద.

తొంభైల చివరి సంవత్సరాలు. మాదాపూర్ వైపు గుట్టలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. నేను గుంటూరు జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన గవర్నమెంటు గుమాస్తాను. మూసాపేటలో అద్దె ఇల్లు. తాతల నాటి నుంచీ కతోలికులం కాబట్టి ఆదివారం పూజ మానేవాళ్లం కాదు. రెండు బస్సులు మారి ఒక రేకుల షెడ్డు చర్చికి వెళ్లేవాళ్లం. అక్కడ సగం మంది మాలాంటి ఉద్యోగస్తులు, మిగతా సగం ఆ మేడలకు ఇసుక, కంకర మోసే పాలమూరు కూలీలు. మేము ముందు బెంచీల మీద, వాళ్లు వెనక చాపల మీద. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. అలాగే కూర్చునేవాళ్లం.

ఆ కూలీల గుడిసెలు దగ్గర్లోని ఒక కుంట ఒడ్డున ఉండేవి. కుంటకు ఒక మూల చెలమ తవ్వుకుని ఆడవాళ్లు తాగే నీళ్లు తోడుకునేవాళ్లు. సరిగ్గా ఆ మూలే ఒక లేఅవుట్ వాళ్లు రాళ్లు పాతి లారీలతో మట్టి పోయించసాగారు. మా విచారణ గురువులు, ఫాదర్ గారు, చిన్న వయసువారు. మాట మెత్తన, పట్టు గట్టి. కుంట పూడితే ముందు ఎవరి బిందె ఖాళీ అవుతుందో చూడండి, ఆ బిందె మోసే మనిషిని వదిలేసి మీరు చేసే ప్రార్థన దేవుడికి ఎలా చేరుతుంది అని ప్రతి ప్రసంగంలోనూ అడిగేవారు. ముందు బెంచీల్లో మేము వాచీలు చూసుకునేవాళ్లం.

ఆ ఏడు, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో, ఆయన ఒక ఏర్పాటు చేశారు. పవిత్ర శుక్రవారం సిలువ మార్గం, యేసు శ్రమల పద్నాలుగు స్థలాలు, చర్చి గోడల మధ్య కాకుండా కుంట చుట్టూ నడవాలన్నారు. వానాకాలంలో నీళ్లు ఎందాకా వస్తాయో గుడిసెలవాళ్లనే అడిగి, అక్కడక్కడ రాళ్ల మీద సున్నం గుర్తులు పెట్టించారు. ఆ గుర్తుల దగ్గర పద్నాలుగు సిలువలు నాటాలి. పండుగ అయ్యాక కూడా తియ్యకూడదు. కుంట హద్దు ఇదీ అని, కొలతలకు రాబోయే గవర్నమెంటు సర్వేయర్‌కు చూపించడానికి అవే సాక్ష్యం. నాటించే పని నాకు అప్పగించారు. నమ్మకస్తుణ్ణి కదా!

ఫాదర్ గారికి తెలియనిది ఒకటుంది. ఆ లేఅవుట్‌లో నాకూ ఒక ప్లాటు ఉంది. రెండేళ్ల క్రితం, మండుటెండల్లో, నేల బీటలు వారి ఉన్నప్పుడు చూసి కొన్నాను. ఎండాకాలంలో కుంట పక్కన ప్లాటు కొనేవాడంత తెలివైనవాడు ఇంకొకడు ఉండడు. అందులో ఒక గుడిసె కనబడితే, అదెంతలో ఖాళీ అవుతుంది అన్నాడు బ్రోకరు. సరే అన్నాను. ఎవరిది, ఖాళీ చేసి ఎక్కడికి పోతారు అని అడగాలని కూడా తోచలేదు నాకు.

గురువారం మధ్యాహ్నం, పని చేస్తున్న ఇద్దరినీ భోజనానికి పంపాను. ఆరు సిలువలు నాటడం అయింది. మిగతా గుర్తులు చూసుకుంటూ నడుస్తున్నాను. ఎనిమిదో గుర్తు ఒక పెద్ద గుండు రాయి మీద ఉంది. ఆ గుండుకు ఇవతల, నీళ్ల వైపు, నా ప్లాటు రాళ్లు. నాలుగు రాళ్లూ కుంటలోనే! ఆ తరువాత జరిగిందాన్ని కంగారులో చేశానని చెప్పుకుంటే బాగుండేది. కంగారు లేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది సిలువల్ని ప్లాటుకు ఇవతల, ఇంకా నీళ్ల వైపు నాటాను, ప్లాటు కుంట హద్దుకు బయట పడేలా. మూడు చోట్లా సున్నాన్ని చెప్పుతో గీకాను, పోకపోతే తడిమట్టి తెచ్చి రుద్దాను. గుండు దగ్గర ముళ్లున్నాయి, ముసలివాళ్ల కాళ్లకు గుచ్చుకుంటాయి అని ఒక కారణం కూడా తయారు చేసుకున్నాను. మా ఆవిడ సొంతిల్లు సొంతిల్లు అని నసపెట్టడం వల్లే అని నేరం ఆమె మీదికి నెట్టబోయాను చాలాసార్లు. కుంటలో కట్టమని ఆమె అడిగిందా?

శుక్రవారం ఎండ మాడుస్తోంది. జనం కీర్తనలు పాడుతూ ఒక్కో సిలువ దగ్గరా మోకరిస్తూ వస్తున్నారు. ఎనిమిదో స్థలం, యేసు యెరూషలేము స్త్రీలను ఓదార్చే చోటు. అక్కడ మరియమ్మ ఆగింది. నా ప్లాటులో ఉన్న గుడిసె ఆమెదే. నలభై ఏళ్లుంటాయేమో, సిమెంటు తట్టలు మోసి మోసి మెడ ఒక పక్కకు వంగింది. గుండు వైపు చూసి, సిలువను చూసి, నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"సార్, గీ సిలువ జర ఇవతలికొచ్చినట్టుంది. నీళ్లు గా గుండుదాంక వస్తయి. పోయిన వానలకు నా పొయ్యిలకే వచ్చినయ్."

"ఫాదర్ గారు చెప్పిన చోటే నాటానమ్మా," అన్నాను.

"ఫాదర్ చెప్పిన్రా? అయితే ఇగ నేనేమంట సార్."

ఆ మాటతో మోకరించింది. ముళ్ల సాకు చెప్పినా నేరం కాస్త తగ్గేది. ఆయన పేరే వాడుకున్నాను.

పండుగ వెళ్లాక సర్వేయర్ వచ్చాడు. ఆ మూల కుంటదే అని తేలితే లేఅవుట్ ఆగుతుంది, చెలమ నిలుస్తుంది, గుడిసెలను కదిలించే హక్కు లేఅవుట్ వాళ్లకు ఉండదు. లేఅవుట్ మనిషి నవ్వుతూ, మీ చర్చి వాళ్లు పెట్టిన సిలువలే హద్దుగా రాసుకోండి, మాకేం అభ్యంతరం లేదు అన్నాడు. ఫాదర్ గారి ముఖం మారింది. ఆయనకు అనుమానం వచ్చింది, కానీ గుండు మీద గుర్తు లేదు. అందరి ముందూ మరియమ్మను పిలిచి, నీళ్లు ఎందాకా వస్తాయో నువ్వు చెప్పమ్మా అన్నారు.

ఆమె ఒకసారి తన గుడిసెను చూసుకుంది. సిలువను చూసింది. నన్ను చూసింది. నేను కాళ్ల దగ్గర నేల చూస్తున్నాను.

"సిలువ ఉన్నకాడిదాంకనే ఫాదర్," అంది.

సిలువ ఒక మాట చెబుతుంటే తాను ఇంకో మాట ఎలా చెప్పగలదు? మా ఊళ్లో అయినా అంతే, సిలువ ముందు ఎదురు మాట్లాడం. ఆ భయభక్తులు ఆమెకు నేర్పింది మేమే. అవి అడ్డం పెట్టుకుని ఆమె నోటితోనే ఆమె ఇల్లు తీయించాను. కంచే చేను మేసిందంటారు, ఇంతకంటే ఎలా మేస్తుంది? అప్పుడైనా నోరు తెరిచి ఉండొచ్చు. ఒక్క మాట. ఆ మాట గొంతు దాకా వచ్చిందా, లేక వచ్చిందని తరువాత నేను కల్పించుకున్నానా? ఇప్పుడు నాకే తెలియడం లేదు.

వానలు పడకముందే గుడిసెలు తీసేశారు. చెలమను కంకర రద్దుతో పూడ్చారు. మరియమ్మ వాళ్లు బాచుపల్లి వైపు వెళ్లారన్నారు కొందరు, పాలమూరే పోయారన్నారు ఇంకొందరు. నేను వెతకలేదు. మరుసటి ఏడు ఫాదర్ గారికి బదిలీ అయింది. వెళ్లేముందు, నేనే దగ్గరుండి చూసుకోవలసింది, వాళ్లకు నేనే అన్యాయం చేశాను అని నా చేతులు పట్టుకుని బాధపడ్డారు. నేనేం చేశాను? ఆయన్ను ఓదార్చాను! ఇది తలుచుకుంటే మాత్రం నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆ ప్లాటులో ఇల్లు కట్టాం. అందులోనే కూర్చుని ఇది రాస్తున్నాను. ప్రతి వానాకాలం నీళ్లొస్తాయి. వీధివాళ్లంతా మున్సిపాలిటీని తిడతారు. దొంగకు తేలు కుట్టినట్టు నేను బకెట్టుతో నీళ్లు ఎత్తిపోస్తుంటాను.

పాపసంకీర్తనానికి ఏటా వెళుతున్నాను. అబద్ధమాడాను ఫాదర్, అంటాను. ఏం అబద్ధమో చెప్పను. మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమంటారు. చెప్పుకుంటాను. అసలు సంగతి చెబితే, తీసుకున్నది తిరిగి ఇవ్వు అంటారని నాకు తెలుసు. ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి అని నన్ను నేనే అడుగుతుంటాను. నిజానికి అవి ప్రశ్నలు కావు, ఇవ్వకుండా ఉండడానికి వెతుక్కున్న దారులు. మీకైతే ఆ మాట అనే అధికారం లేదు. అందుకే మీకు చెబుతున్నానేమో. అలాగైనా చెప్పాను కదా, గుండెలో ఎక్కడో కాస్త గాలి ఆడుతోంది. క్షమాపణ మాత్రం అడగను. మీరు ఇచ్చేది కాదది.

పోయిన వానలకు నీళ్లు వంటగదిలోకి వచ్చాయి. గ్యాసు పొయ్యి గట్టు కింద దాకా వచ్చి ఆగాయి. ఇంటి వెనక ప్రహరీకి ఆనుకుని ఆ గుండు ఇంకా ఉంది. ఆ రోజు ఆమె అడిగినప్పుడు ఇవ్వని జవాబు ఇప్పుడిస్తున్నాను.

నువ్వు చెప్పిందే నిజం మరియమ్మా. నీళ్లు గుండు దాకా వస్తాయి.