అవ్వ పోసిన ఉప్పునీళ్లు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో డోర్నకల్ దగ్గరి తండాలో చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు బరువెక్కుతుంది. అక్కడ మూతపడ్డ డీజిల్ డిపో ట్యాంకు కారి, పక్కనున్న ఒక అవ్వ బావి పాడైంది. డిపో వాళ్లు మట్టి తవ్వించి, నూనె తోడించి, అంతా శుభ్రమైందన్నారు. నిజంగా అయిందో లేదో చూడమని నేల సర్వే చేసే మమ్మల్ని పంపారు. అప్పటిదాకా అవ్వ కోడలు రైల్వే స్టేషన్ నల్లా నుంచి బిందెలు మోస్తూనే ఉంది.

వరసగా ఇనుప సలాకలు దిగ్గొట్టి, కరెంటు పంపి, నేల దాన్నెంత అడ్డుకుంటుందో కొలుస్తాం. కంప్యూటర్ ఆ కొలతలతో భూమి లోపలికి రంగుల బొమ్మ గీస్తుంది. డీజిల్ కరెంటును అడ్డుకుంటుంది కనుక అది దాగినచోట ఎర్రగా, కరెంటు తేలిగ్గా పారేచోట నీలంగా వస్తుంది. ఎండిన నేలకు కరెంటు పట్టదు కనుక ఒక్కో సలాక మొదలు దగ్గర కాసిని ఉప్పునీళ్లు పోస్తాం. అవ్వ గట్టు మీద కూర్చుని అంతా చూసింది.

"నీలం రంగొస్తే తాగొచ్చునా బిడ్డా?" అని అడిగింది. తాగొచ్చన్నాను.

కొలత మొదలుకాకముందే, ఆ సాయంత్రం బంద్ పిలుపు వచ్చింది. సలాకలు నేలలోనే వదిలి, మిషన్ పట్టుకుని లాడ్జిలో పడ్డాం. కింద ఊరేగింపు పోతుంటే దిగి కలుద్దామనిపించింది కానీ ఓపిక లేకపోయింది. బంద్ ముగిశాక పోయి కొలిస్తే బొమ్మంతా నీలమే. అంత మంచి బొమ్మ నా సర్వీసులో చూడలేదు. ఎక్కడో తేడా ఉందని తెలిసి నాకు నీరసం వచ్చింది.

"అవ్వా, ఈడ ఎవలన్న ఏమన్న పోసిండ్రా?"

"నేనే పోసిన. మీరు జరంతనే పోసిండ్రు, గది సాలదనుకున్న. కోడలు తెచ్చిన నీళ్లల్ల ఉప్పు కలిపి అంతట పోసిన. బొమ్మ మంచిగ రావాలె గదా."

పైనంతా ఉప్పుంటే కరెంటు పైపైనే పారిపోతుంది, లోపలి సంగతి తెలియదు. కోప్పడే శక్తి కూడా లేక సలాకలు పీకేశాం.

వానలకు ఉప్పు కొట్టుకుపోయి, నేల మళ్లీ ఆరాక వచ్చి కొలిచాం. బావి చుట్టూ ఎరుపే. అవ్వకు చూపించాను. 

ఆ మచ్చ ఎందాక పాకిందో చూద్దామని పైచేనులో ఇంకో వరస పాతుతుంటే మా క్యాన్‌లో నీళ్లయిపోయాయి. అవ్వ లేచి, తన బావిలోంచి చేదెడు తోడి తెచ్చింది. డీజిల్ వాసన కొట్టింది.

"మీ సలాకలకైన పొయ్యుర్రి బిడ్డా. దేనికో దానికి పనికి రావాలె గదా."

చెడని నేలలో ఆ నీళ్లు పోయకూడదు. ఆ మాట ఆమెతో అనలేక చేద పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.